సబ్మిట్ నొక్కాక కనబడే అచ్చుతప్పు

పంపేసిన కాలేజీ ఎస్సేని పిల్లలు మళ్ళీ తెరిచి చదవకుండా ఉంటే, ఇక్కడ అమెరికాలో ఉన్న మన తల్లుల్లో సగం మంది నవంబరు నెలంతా హాయిగా నిద్రపోతారని నా నమ్మకం. కానీ చదువుతారు. చదవకుండా ఉండలేరు. నెల్లాళ్ళపాటు ముప్పైసార్లు చదివినా కనబడని తప్పు, సబ్మిట్ నొక్కిన పది నిమిషాలకి కళ్ళలో గుచ్చుకున్నట్టు కనబడుతుంది. ఇక ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినరు.

ఇండియా నుంచి చదివేవాళ్ళ కోసం ముందు కాస్త చెప్తాను. ఇక్కడ డిగ్రీ చదువుకి మన ఎంసెట్ లాగా ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు ఉండవు. హైస్కూలు మార్కులు, తీసుకున్న కోర్సులు, టీచర్ల ఉత్తరాలు, బడి బయట చేసిన పనులు, వీటితోపాటు పిల్లలు తమ గురించి తామే రాసుకునే వ్యాసం. కామన్ యాప్ అని ఒక ఉమ్మడి దరఖాస్తు ఉంది. 1975లో 15 కాలేజీలతో మొదలైంది, ఇప్పుడు వెయ్యికి పైగా కాలేజీలు దాన్ని తీసుకుంటున్నాయి. అందులో ఎస్సే 250 మాటలకి తగ్గకూడదు, 650 దాటకూడదు. ఇది కాక చాలా కాలేజీలు సొంతంగా ఇంకొన్ని చిన్న ఎస్సేలు అడుగుతాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాది వేరే దారి. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు ఎంచుకుని, ఒక్కొక్కదానికి 350 మాటలు మించకుండా రాయాలి. తొందరగా వేసేవాళ్ళకి చాలాచోట్ల నవంబరు 1 గడువు, మిగతావాళ్ళకి జనవరి 1 అటూ ఇటూ. ఒక కాలేజీకి సబ్మిట్ నొక్కాక అక్కడికి వెళ్ళిన కాపీని మనం దిద్దలేం. భయమంతా అక్కడే ఉంది.

మా ఇంటి సంగతి చెప్తాను. మా అమ్మాయికి పబ్లిక్ హెల్త్ చదవాలని కోరిక. ఎస్సే వాళ్ళ నానమ్మ మందుల డబ్బా గురించి రాసింది. మా అత్తగారు ఆరు నెలలు ఉండడానికి వచ్చినప్పుడు, షుగర్ మాత్రలూ బీపీ మాత్రలూ కలగాపులగం అయిపోతుంటే, పిల్ల తనకొచ్చిన వంకర టింకర తెలుగులో 'పొద్దున', 'అన్నం తిన్నాక', 'పడుకునే ముందు' అని రాసి ఒక్కో గడికీ అంటించింది. బాగానే రాసింది. ఆఖరి పేరాలో 'పబ్లిక్' అన్న మాటలో 'ఎల్' అక్షరం జారిపోయింది. ఎల్ పోతే మిగిలే మాటకి కూడా ఇంగ్లీషులో అర్థం ఉంది. అదేమిటో ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూనే ఉంటారు. అది కూడా నిఖార్సైన ఇంగ్లీషు మాటే కాబట్టి కంప్యూటర్ కింద ఎర్రగీత గీయలేదు.

నాలుగు కాలేజీలకి వెళ్ళిపోయాక చూసుకుంది. బాత్రూంలో తలుపేసుకుని కూర్చుంది. మావారు ఆ నాలుగు కాలేజీల ఫోన్ నంబర్లూ వెతకడం మొదలుపెట్టారు. "పొద్దున్నే నేను మాట్లాడతాను, టెక్నికల్ ఎర్రర్ అని చెప్తాను," అంటారు. తెనాలి నుంచి వాట్సాప్‌లో మా అత్తగారు సంగతి విని, "ఒక్క అక్షరానికా ఇంత ఏడుపు? రేషన్ కార్డులో ముప్పై ఏళ్ళుగా నా పేరు తప్పే. బియ్యం మాత్రం సరిగ్గానే ఇస్తున్నారు," అన్నారు. తలుపు అవతల నుంచి చిన్న నవ్వు వినబడింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరైనా ఉపయోగపడే మాట అన్నారంటే అది ఆవిడే.

అంత భయం ఎందుకని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మన తరానికి దరఖాస్తు అంటే ఒక్క అక్షరం కూడా తప్పు పోకూడని కాగితం. ఎంసెట్‌లో ఒక్క మార్కు తగ్గితే వందల ర్యాంకులు వెనక్కి పోయేవాళ్ళం. ఓఎంఆర్ షీటు మీద హాల్ టికెట్ నంబరు గుండ్రాలు నింపేటప్పుడు చెయ్యి వణికేది. ఆ షీటుని మనిషి చదవడు, మెషీన్ చదువుతుంది, మెషీన్‌కి జాలి ఉండదు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక అక్షరం అటూ ఇటూ అయితే పాస్‌పోర్టు దగ్గరా, వీసా దగ్గరా ఎన్ని అఫిడవిట్లు ఇచ్చుకున్నామో మనకి తెలుసు. కాబట్టి ఆ భయం తెలివితక్కువదని నేననను. అక్కడ అది మనల్ని కాపాడింది. ఇక్కడి కాగితాన్ని కూడా ఆ కళ్ళతోనే చూస్తున్నాం, అదీ నా బాధ.

దానికి తోడు స్పెల్లింగ్ బీ ఒకటి. 2019లో ఆ పోటీలో ఎనిమిది మంది కలిసి గెలిస్తే అందులో ఏడుగురు భారతీయ మూలాలున్న పిల్లలే. ప్రతి తెలుగు అసోసియేషన్ పండక్కీ స్పెల్లింగ్ పోటీ ఉండాల్సిందే. ముగ్గుల పోటీ మానేసినా మానేస్తారు గానీ అది మానరు. అలాంటి ఇంట్లో పుట్టి స్పెల్లింగ్ తప్పు రాసిందంటే పిల్లకి అది వంశానికే మచ్చలా అనిపిస్తుంది పాపం.

నిజానికి అవతల చదివేది మనిషి. ఒక్క యూసీఎల్ఏకే ఏటా 1,40,000 పైచిలుకు మొదటి సంవత్సరం దరఖాస్తులు వస్తాయి. మిగతా పెద్ద కాలేజీల్లోనూ ఒక్కొక్కరి ముందు వందలకొద్దీ ఫైళ్ళుంటాయి. ఒక్కో పిల్ల మీద పెట్టగలిగేది కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాల్లో వాళ్ళు వెతికేది ఈ పిల్ల ఎవరు, ఏం పట్టించుకుంటుంది, మా క్లాసులో కూర్చుంటే ఎలా ఉంటుంది అని. అలా చదివేవాళ్ళ కళ్ళు జారిపోయిన అక్షరాన్ని చాలాసార్లు తామే నింపుకుని ముందుకెళ్ళిపోతాయి. ఒకవేళ ఆగినా, ఒక నవ్వు నవ్వుకుని పేజీ తిప్పుతారు. పేరాకి మూడు చొప్పున తప్పులుంటే అది వేరు. అప్పుడు పిల్ల శ్రద్ధ పెట్టలేదని అనుకుంటారు, అనుకోవాలి కూడా. ఒక ఎల్ పోయినందుకు నాలుగేళ్ళ మార్కులూ, ఇద్దరు టీచర్ల ఉత్తరాలూ చెత్తబుట్టలో వేసే కాలేజీ ఉంటే, అక్కడికి నా పిల్లని పంపడం నాకిష్టం లేదు.

మా టెక్సాస్‌లో ఇంకో సంగతి ఉంది. ఇక్కడి పిల్లలు క్లాసులో పైన ఉన్న శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు చట్టప్రకారం వస్తుంది. యూటీ ఆస్టిన్‌కి మాత్రం ఆ గీత 6 శాతం, 2026లో చేరేవాళ్ళ నుంచి 5 శాతం. ఆ గీత లోపల ఉన్న పిల్లకి యూనివర్సిటీలో సీటు ఎస్సే వల్ల పోదు. కోరుకున్న మేజర్ వస్తుందా లేదా అన్నదానికే మిగతావన్నీ చూస్తారు. అయినా మా సందులో ఆ 5 శాతంలో ఉన్న పిల్లాడి తల్లి కామా గురించి వారం రోజులు నిద్రపోలేదు.

మా పెదనాన్నగారు విజయవాడలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే రోజులవి. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఎర్ర సిరాతో కాగితాల అంచున గీతలు గీస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. "రాసినవాడికి తన తప్పు కనబడదమ్మా. వాడు కాగితం చదవడు, మనసులో ఉన్నది చదువుకుంటాడు," అనేవారు. అందుకే అచ్చాఫీసులో ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు అచ్చుకాగితం పట్టుకుని చూసేవారట. అంత చేసినా పుస్తకం బయటికి వచ్చాక మొదట తెరిచిన పేజీలోనే ఒకటి పళ్ళికిలించేదట. ఆ తప్పులకి మనవాళ్ళు పెట్టిన పేరు ముద్రారాక్షసాలు. విశాఖదత్తుడి సంస్కృత నాటకం పేరు తెచ్చి అచ్చుతప్పులకి తగిలించారు. ఆ పేరులో ఎంత దయ ఉందో చూడండి, తప్పు రాసినవాడిదీ కాదు, అక్షరాలు పేర్చినవాడిదీ కాదు, ఎక్కడినుంచో వచ్చిన రాక్షసుడిది! పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఒకటి అంటించి, దిద్దుకుని చదువుకోండని పాఠకులకి మనవి చేసుకుని ఊరుకునేవారు. ఎవరూ బాత్రూంలో తలుపేసుకునేవారు కాదు.

అన్నట్టు, 1631లో లండన్‌లో అచ్చయిన ఒక బైబిల్ సంగతి మా అమ్మాయికి మర్నాడు చెప్పాను. పది ఆజ్ఞల్లో ఒకదాంట్లో 'వద్దు' అనే అర్థం ఇచ్చే చిన్న మాట జారిపోయి, వ్యభిచారం చెయ్యమని సాక్షాత్తూ దేవుడే చెప్పినట్టు అచ్చయింది. అచ్చువేసినవాళ్ళు రాజుగారి ముద్రాపకులు. 300 పౌన్ల జరిమానా పడింది. ఆ ప్రతులు ఇప్పుడు ఎక్కడైనా దొరికితే పుస్తకాలు సేకరించేవాళ్ళు ఎగబడి కొంటారు. దాని ముందు మన ఎల్ ఎంతమ్మా అన్నాను. "అమ్మా, అది నాకు హెల్ప్ అవ్వట్లేదు," అంది గానీ ఫోన్లో ఆ బైబిల్ గురించి వెతుక్కుని చదివింది.

మావారిని ఫోన్లు చెయ్యనివ్వలేదు. దాని గురించి మా ఇద్దరికీ కొంచెం గట్టిగానే వాదన జరిగింది. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. "పిల్ల ఏడుస్తుంటే తండ్రి చేతులు కట్టుకుని కూర్చోవాలా?" అని ఆయన ప్రశ్న. కానీ అలాంటి ఫోన్ వల్ల ఏం జరుగుతుంది? చదివేవాళ్ళు గమనించని తప్పుని మనమే వేలుపెట్టి చూపిస్తాం. పదిహేడేళ్ళ పిల్ల చిన్న తప్పుకి వాళ్ళ నాన్నచేత ఫోన్ చేయించిందని కూడా తెలియజేస్తాం. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్ల మన మొహం చూస్తుంది. మనం హడావిడి పడితే, నిజంగానే కొంప మునిగిందని నమ్మేస్తుంది. ఇంకో ఏడాదిలో ఎక్కడో హాస్టల్లో ఒంటరిగా ఉండాల్సిన పిల్ల. అక్కడ పేపర్లో తప్పు రాస్తే, ప్రొఫెసర్‌కి తప్పు మెయిల్ వెళ్తే, ఏ బాత్రూం బయట నిలబడతాం?

అలాగని అన్ని తప్పులూ వదిలెయ్యమని చెప్పను. అక్షరం తప్పు వేరు, సంగతి తప్పు వేరు. మార్కులు తప్పు వేసినా, తీసుకోని కోర్సు తీసుకున్నట్టు పడినా, ఎస్సే సగంలో తెగిపోయి వెళ్ళినా, పాత చిత్తుప్రతి అప్‌లోడ్ అయినా తప్పకుండా చెప్పాలి. దరఖాస్తు చేరాక చాలా కాలేజీలు పిల్లల పేరున ఒక పోర్టల్ తెరుస్తాయి, వాటిలో కాగితాలు పెట్టే చోటు కూడా చాలావాటికి ఉంటుంది. లేకపోతే అడ్మిషన్ ఆఫీసుకి రెండు వాక్యాల మెయిల్, లేదా స్కూలు కౌన్సెలర్ ద్వారా. అదీ పిల్లలే రాయాలి, ఒక్కసారే రాయాలి, సంజాయిషీలు లేకుండా రాయాలి. తెలిసినవాళ్ళబ్బాయి 'మీ కాలేజీయే ఎందుకు' అన్న ఎస్సేలో ఇంకో కాలేజీ పేరు వదిలేశాడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని ఇంకో అమ్మాయి పేరుతో పిలిచినట్టు! దానికి మాత్రం నేను కూడా సరిచేసిన కాపీ పెట్టమనే చెప్పాను. ఎల్ జారిపోవడానికి అలాంటిదేమీ అక్కర్లేదు.

ఇంకో మాట, ఇంకా పంపని కాలేజీలకి భయం లేదు. కామన్ యాప్‌లో ఒక కాలేజీకి పంపాక కూడా అదే ఎస్సేని దిద్దుకుని మిగతావాటికి సరైనది పంపుకోవచ్చు. మా అమ్మాయి అదే చేసింది. మీ పిల్లలు ఇంకా పంపలేదంటే, సబ్మిట్ ముందు వచ్చే పీడీఎఫ్‌ని ప్రింటు తీసి కాగితం మీద చదవమనండి. పెట్టెలో అతికించినప్పుడు పేరాల మధ్య ఖాళీలు పోతాయి, ఏటవాలు అక్షరాలు మామూలువైపోతాయి, అవన్నీ అక్కడే బయటపడతాయి. పైకి చదివితే ఇంకా మంచిది. మా పెదనాన్నగారి పద్ధతే, నాలుగు వందల డాలర్లు పుచ్చుకోకుండా పనిచేస్తుంది.

డాలర్లంటే గుర్తొచ్చింది. ఈ భయం మీద ఎంత వ్యాపారం నడుస్తోందో మీరంతా చూస్తూనే ఉన్నారు. పన్నెండో తరగతి పిల్ల ఎస్సేని ఇంత చక్కగా, ఇంత నున్నగా చేసిపెడతామని వేలకి వేలు అడుగుతున్నారు. నేను అలాంటి ఎస్సే ఒకటి చదివాను. ఒక్క తప్పు లేదు. ఒక్క కామా కూడా పక్కకి పోలేదు. ఆ పిల్లాడు చిన్నప్పటినుంచి మా ఇంట్లో తిరిగినవాడు, ఆ ఎస్సేలో వాడు నాకు ఎక్కడా కనబడలేదు. పదిమంది కూచుని వడ్డించిన పెళ్ళిభోజనంలా ఉంది గానీ, ఎవరింటి రుచీ దానికి లేదు. దానికి తోడు ఇప్పుడు ఏఐ వచ్చింది. ఏఐ రాసిచ్చినదాన్ని సొంతం అని పంపితే అది మోసం కిందికే వస్తుందని కామన్ యాప్ 2023 నుంచి తన నియమాల్లో చెప్తోంది. మరీ నున్నగా ఉన్న ఎస్సే చూస్తే ఎవరు రాశారో అని అనుమానించే రోజులొచ్చాయి. అక్షరం జారిపోతే కనీసం మనిషే రాసిందని తెలుస్తుంది కదా అని మా అమ్మాయిని ఏడిపించాను.

ఏప్రిల్ వచ్చేసరికి లెక్క ఇలా తేలింది. ఎల్ లేని ఎస్సే వెళ్ళిన నాలుగు కాలేజీల్లో రెండు రమ్మన్నాయి, ఒకటి వెయిట్‌లిస్టులో పెట్టింది, ఒకటి వద్దంది. ఎల్ ఉన్న ఎస్సే వెళ్ళిన ఆరింటిలో మూడు వద్దన్నాయి. దీన్నిబట్టి ఎల్ తీసేసి పంపమని ఎవరికీ చెప్పడంలేదు సుమా! ఎవరు ఎందుకు రమ్మన్నారో, ఎందుకు వద్దన్నారో ఆ కాలేజీలు చెప్పవు. చెప్పవు కాబట్టే పిల్లలు తమకి కనబడిన ఒకే ఒక్క కారణాన్ని పట్టుకుంటారు. వద్దన్న ఉత్తరం వచ్చిన రోజు మా అమ్మాయి మొదట అన్నమాట, "ఆ ఎల్ వల్లే." అప్పుడు నేను వాదించలేదు. టీ పెట్టి ఇచ్చాను. దిద్దిన ఎస్సే వెళ్ళిన చోటి నుంచి కూడా వద్దన్న ఉత్తరం వచ్చాక, తనంతట తనే ఆ మాట మానేసింది.

ఇదంతా రాస్తుంటే ఇంకొకరు గుర్తొస్తున్నారు. మా కాలనీలోనే ఉంటారు, గుంటూరు జిల్లావారు, తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివారు. "మీకేమండీ, ఇంగ్లీషు వచ్చు, పిల్ల ఎస్సేలో తప్పులు చూడగలరు. మావాడిది నేనేం చూస్తాను?" అని చాలాసార్లు అన్నారు. ఇంగ్లీషు వచ్చిన నా కళ్ళముందు నుంచే కదా ఆ ఎల్ జారిపోయింది, నాకు చూపిస్తే కదా అని నవ్వాను. మా అమ్మాయి తన ఎస్సే పంపేదాకా నాకు చూపించనేలేదు. వాళ్ళబ్బాయి మాత్రం గడువుకి వారం ముందు వంటింట్లో కూర్చుని, ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తుంటే, ఎస్సే మొత్తం తెలుగులో చెప్పాడట. వాళ్ళ నాన్న ఉద్యోగం పోయిన ఏడాది, ఇల్లు ఖాళీ చేసి అపార్టుమెంటుకి మారిన రోజు గురించి రాశాడు. ఆవిడ ఆఖరిదాకా విని, "ఆ రోజు పెద్ద వాన కదరా, నీ పుస్తకాల పెట్టె తడిసిపోయింది, అది రాయలేదేం?" అని అడిగారట. వాడు కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, లోపలికి వెళ్ళి ఆ వాన గురించి రెండు వాక్యాలు కలిపాడు. 650 మాటలు దాటిపోతే, చెస్ క్లబ్ గురించి రాసిన పేరా తీసేశాడు.